సోఫా వెనక ఖాళీ గోడ: మీకు ఐడియాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

మియాపూర్_అమ్మాయి
అందరికీ నమస్తే. మేం ఈ మధ్యే అద్దెకి టూ బీహెచ్‌కేలోకి మారాం, హాల్లో సోఫా వెనకాల పదకొండడుగుల గోడ బోసిగా ఉంది, ఎవరొచ్చినా ముందు అటే చూసి "ఇంకా సర్దుకోలేదా" అంటున్నారు. పింటరెస్ట్ తెరిస్తే అన్నీ ఒకటే బాపతు, లేత గోధుమ రంగు గోడ, కుండలో ఎండు గడ్డి, పక్కన ఫ్రేములో ఓ ఇంగ్లీషు కొటేషను. నాకు కాపీ కొట్టుకోడానికి ఫోటోలొద్దు, అసలు మీ ఇళ్ళకి ఐడియాలు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారో అది చెప్పండి చాలు. ఓనర్ ఆంటీ మేకులు కొట్టద్దన్నారు, ఒక్క గోడకి రంగు మార్చుకుంటే మాత్రం ఓకే అన్నారు. బడ్జెట్ పదిహేను వేలు. మా ఆయనేమో ఓ పెద్ద గడియారం తగిలించేస్తే పనైపోద్ది అంటున్నాడు, దయచేసి ఎవరూ ఆయనకి వంత పాడొద్దు.

ఉక్కునగరం
గడియారం బానే ఉంటదండి 😄

మియాపూర్_అమ్మాయి
మిమ్మల్ని బ్లాక్ చేస్తా.

ఓరుగల్లు_పోరడు
అక్కా మియాపూర్ల ఉండుకుంట పింటరెస్ట్ జూసుడేంది, రెండున్నర గంటలు పోతే చేర్యాల ఉంటది, సిద్దిపేట జిల్లా. నకాషోళ్ల ఇండ్లల్ల కూసొని పటం ఎట్ల గీస్తరో జూడు ఒక్కపారి. ఖద్దరు బట్ట తీస్కొని గంజి, సుద్ద, ఉడికిచ్చిన చింతగింజల పిండి, బంక కలిపి పూత మీద పూత పూస్తరు, ఆరినంక బట్ట అట్ట లెక్క అయితది, అప్పుడు ఎర్ర రంగు బ్యాక్‌గ్రౌండ్ వెట్టి బొమ్మలు దింపుతరు. అసలు గవి గోడకు పెట్టేటియి కావు, ఊర్లల్ల కథ చెప్పేటోళ్లకు గీసిచ్చేటోళ్లు, పద్మశాలోళ్లకు మార్కండేయ పురాణం, గొల్లోళ్లకు కాటమరాజు కథ, గిట్ల ఒక్కో కులానికి ఒక్కో కథ. మూరల కొద్దీ పొడుగుంటది పటం, కథ నడుస్తుంటే చుట్ట ఇప్పుకుంట పోతరు. ఇప్పుడు గా కథలు చెప్పేటోళ్లు తగ్గిర్రు కాబట్టి చిన్న చిన్న ఫ్రేములల్ల వేస్తున్నరు, కొబ్బరి చిప్పల మీద మాస్కులు గూడ చేస్తరు. పండుగలు, కల్లు గీసుడు, నాట్లేసుడు అన్నీ ఉంటయి. గా ఎరుపు ఒక్కటి గోడ మీద పడ్డదంటే ఇంక వేరేది ఏం అవసరం లేదు, నిజం చెప్తున్న.

పెయింటుబ్రష్
నేను సైటు పనిలో ఉంటా, ఇంటీరియర్ కాంట్రాక్టులు. ఒక మాట చెప్తా, ఐడియా ఎక్కణ్ణుంచి వచ్చినా ముందు మీ గోడకి వెలుతురు ఎటునుంచి పడుతుందో చూడండి. ఉత్తరం కిటికీ వెలుగు కొంచెం నీలంగా చల్లగా ఉంటుంది, అందులో తెలుపు వేస్తే హాస్పిటల్ వార్డు. పడమర కిటికీ అయితే సాయంత్రం పూట మీ క్రీమ్ కలర్ కాస్తా మామిడి తాండ్ర రంగుకి తిరుగుతుంది. షేడ్ కార్డులో గళ్ళు చూసి ఎప్పుడూ తేల్చుకోకండి. చిన్న శాంపిల్ డబ్బా కొని ఓ పెద్ద చార్టు మీద రెండు కోట్లు వేసి, ఆ చార్టుని గోడకి ఇక్కడా అక్కడా మార్చి పెడుతూ పొద్దున్నా, మధ్యాహ్నం, రాత్రి లైటేసాకా చూడండి. బల్బు ఎల్లో లైటా వైట్ లైటా అన్నదాంతో కూడా రంగు మొత్తం మారిపోద్ది, 3000 కెల్విన్ లోపు అని డబ్బా మీద ఉంటే పసుపు వెలుగు, 6500 ఉంటే ట్యూబ్‌లైట్ వెలుగు.

పదకొండు బై పది గోడకి ఎమల్షన్ రెండు కోట్లు వెయ్యాలంటే రెండు లీటర్లు సరిపోతాయి, షాపువాడు నాలుగు లీటర్లు అంటగడతాడు, తీసుకోకండి.

గోదారిగట్టు
అమ్మాయీ, మాది రాజమండ్రి, రిటైరైపోయాను కాబట్టి ఖాళీగానే ఉంటాను, కొంచెం పొడుగ్గా రాస్తే విసుక్కోకండి. మా ఊళ్ళో దామెర్ల రామారావు గారి చిత్రశాల ఉంది. ఆయన 1897లో పుట్టి 1925లో ముప్ఫై నిండకుండానే పోయాడు, ఆ కొంచెం కాలంలోనే బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదివి వచ్చి ఇక్కడ బొమ్మలు నేర్పే బడి పెట్టాడు. నేను ఆ గ్యాలరీలోకి వెళ్ళేది బొమ్మలు చూడ్డానికి కాదండోయ్, రంగులు పక్కపక్కన ఎలా పెట్టాడో చూడ్డానికి. మా వాకిలి గదికి వేసిన రంగు అలా దొరికిందే, నీటిరంగుల బొమ్మలో కొంగు పక్కన పడ్డ ఓ మట్టి పసుపు. ఫోన్లో ఫోటో తీసుకోనివ్వకపోతే చిన్న పుస్తకంలో "చీర అంచు: ఇటుకరాయి, నేపథ్యం: నానిన పెసలు" అని రాసుకుంటాను, షాపువాడికి అది చదివి వినిపిస్తే వాడు నవ్వుతాడు గానీ దగ్గర్లో ఉన్న షేడు తీస్తాడు.

మీకు హైదరాబాదులో సాలార్‌జంగ్ ఉంది, మాదాపూర్లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఆదివారం ఓ పూట తిరిగి రండి, ఫోను జేబులో పెట్టి.

డాలస్_బాబాయ్
గోదారిగట్టు గారూ "నానిన పెసలు" 😂😂 ఆ షేడ్ ఇక్కడ మా హోమ్ స్టోర్‌లో అడుగుతా రేపు.

అమ్మాయ్, అద్దె కొంప బాధ మాకూ ఉంది, ఇక్కడ గోడలు సిమెంటు కాదు జిప్సం బోర్డు, లోపల పదహారంగుళాలకో కర్ర ఉంటుంది, ఆ కర్ర దొరక్కుండా బరువు తగిలిస్తే గోడతో సహా ఊడొస్తుంది, చిల్లు పడితే డిపాజిట్లో కోత. నేను చేసిందేంటంటే మా అమ్మ పోచంపల్లి దుప్పటి, పెళ్ళప్పటిది, వాడకుండా సూట్‌కేస్‌లో ఉంది, పై అంచు వెనక గొట్టంలా కుట్టించి అందులో చెక్క కడ్డీ దూర్చి తగిలించాను. బట్ట తేలిక కాబట్టి అంటించే హుక్కులే ఆపాయి. ఇక్కడివాళ్ళు వచ్చి ఏ గ్యాలరీలో కొన్నావంటారు, మా అమ్మ వీడియో కాల్‌లో చూసి "దుప్పటి గోడకెందుకు ఎక్కించావురా, చలేస్తే కప్పుకో" అంది.

పెయింటుబ్రష్
బాబాయ్ గారూ అంటించే హుక్కుల గురించి ఒకటి, మీ దగ్గర నున్నటి గోడ కాబట్టి ఆగుతాయి. ఇక్కడ అద్దె ఇళ్ళల్లో చాలామటుకు డిస్టెంపరో సున్నమో కొట్టి ఉంటారు, హుక్కు గోడకి కాదు ఆ పొడికి అంటుకుంటుంది, నెల తిరక్కుండా పెచ్చుతో సహా కింద పడుద్ది. గోడని వేలితో రుద్దండి, వేలికి తెల్లగా అంటిందంటే ఆ హుక్కులు మీకు కాదు. ఈవిడెలాగూ ఎమల్షన్ వేయిస్తారు, ముందు ఆ పొడి గీకించేస్తే పర్లేదు, వేసాక ఓ రెండు మూడు వారాలు ఆగి అంటించాలి.

పెడనపిల్ల
హాయ్ అక్కా, మాది పెడన, మచిలీపట్నం పక్కన, మా ఇంట్లో మూడు తరాలుగా కలంకారీ అద్దకమే. మీరు బట్ట కడదామనుకుంటే కొనేముందు కొంచెం వినండి, ఇప్పుడు ఆన్‌లైన్లో కలంకారీ అని అమ్మేదాంట్లో చాలా వరకు స్క్రీన్ ప్రింటు, ఇంకొంత మెషీన్ ప్రింటు.

గుర్తుపట్టడం ఈజీనే. బట్ట తిప్పి వెనక చూడండి, మెషీన్ ప్రింటుకి వెనకంతా తెల్లగా పాలిపోయి ఉంటది, మన రంగు నూలులోకి దిగుద్ది కాబట్టి వెనక్కీ కనపడుద్ది. రెండోది, అచ్చు పని అయితే అచ్చుకీ అచ్చుకీ మధ్య ఎక్కడో ఒకచోట గీత వెంట్రుకవాసి ఎక్కడమో తగ్గడమో ఉంటది. చేత్తో టేకు అచ్చు ఎత్తి పెడుతుంటే అది జరగాల్సిందే. మీటరు పొడుగునా ఒక్క తేడా కూడా దొరకలేదంటే అది మాది కాదన్నమాట. మూడోది వాసన, కరక్కాయ నీళ్ళు పట్టించిన బట్టకి కొత్తలో ఓ వగరు వాసన ఉంటది.

శ్రీకాళహస్తి వాళ్ళది వేరే పద్ధతి, వాళ్ళు అచ్చులు వాడరు, వెదురు పుల్లకి గుడ్డ చుట్టి దారం బిగించి కలంలాగ పట్టుకుని గీస్తారు. బట్టని కరక్కాయలు, పాలు కలిపిన దాంట్లో నానబెడతారు, పాల వల్ల రంగు పాకదు. నల్ల రంగు తుప్పు ఇనుమూ బెల్లమూ రోజుల తరబడి పులియబెట్టి తీస్తారు. గోడకి పెద్ద బొమ్మ కావాలంటే కాళహస్తి, డిజైను నిండిన బట్ట కావాలంటే మాది.

ఇంకో ఐడియా, అరిగిపోయిన పాత అచ్చులు. అంచులు మొద్దుబారాక అద్దకానికి పనికిరావు, మా దొడ్లో బస్తాలో పడుంటాయి. లతలు, నెమళ్ళు, మామిడి పిందెలు, చెక్కలోకి ఏళ్ళ తరబడి రంగు దిగి నల్లగా ఉంటాయి. సన్న పలక మీద వరసగా నిలబెడితే చాలు, మేకుతో పనిలేదు. కానీ ఫ్యాన్సీ షాపుల్లో అమ్మే "అచ్చులు" మాత్రం చాలావరకు డెకరేషన్ కోసమే కొత్తగా చెక్కి నల్ల పాలిష్ కొట్టినవి, బట్ట మొహం చూసినవి కావు.

మియాపూర్_అమ్మాయి
అమ్మో ఇంత సమాధానమా! థ్యాంక్యూ చెల్లీ. ఆ పాత అచ్చులు అమ్ముతారా మీవాళ్ళు?

పెడనపిల్ల
నాన్నని అడగాలి అక్కా, ఆయన ఒక్కోటి ఎవరు చెక్కిందో చెప్పుకుంటూ కూర్చుంటారు గానీ బస్తా ముడి విప్పరు.

సీమబిడ్డ
అక్కా లేపాక్షి దేవళానికి పోయినారా ఎప్పుడన్నా? జనాలు వేలాడే స్తంభం కింద తుండుగుడ్డ లాగి ఫోటో తీసుకోని వచ్చేస్తారు, తలెత్తి పైకప్పు చూసేటోళ్ళు తక్కువ. విజయనగర రాజుల కాలం నాటి బొమ్మలు, అచ్యుతరాయల హయాములో విరూపణ్ణ కట్టించిన గుడి. ఆ బొమ్మల్లో ఆడోళ్ళ చీరలు చూడండి, ఒక్కో చీరకి ఒక్కో డిజైను, గళ్ళు, చారలు, పూలు. కావి రంగు, పసుపు, ఆకుపచ్చ, అంచుకు నల్ల గీత, అంతే, ఆ నాలుగైదు రంగులతోనే అంత పెద్ద కప్పు నడిపించినారు. ఇంట్లో పది రంగులు కలిపి చెడగొట్టుకునే దానికంటే అది చూసి నేర్చుకోవచ్చు. బయట లతా మంటపం ఉంది, స్తంభం స్తంభానికీ వేరే లతలు చెక్కినారు, చీర అంచులకు ఆ డిజైన్లే తీసుకుంటారు. మా చిన్నాయన ఒక స్తంభం డిజైను కాగితం మీదికి ఎత్తుకోని స్టెన్సిల్ కోయించి వంటింటి గోడకు నడుమెత్తులో పట్టీ మాదిరి వేయించినాడు.

ఇంకోటి, ధర్మవరం దగ్గర నిమ్మలకుంట. తోలుబొమ్మలు చేసే ఊరు, ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలు నానబెట్టి గీకి పల్చగా చేసి, ఉలితో చిన్న చిన్న చిల్లులు కొట్టి రంగులేస్తారు. తెచ్చుకుంటే ఫ్రేము కట్టి గోడకు కొట్టద్దండి, దానికి ప్రాణం వెనక నుంచి వెలుతురు వస్తేనే. గోడకు ఆనిస్తే అట్టముక్క అయిపోతాది. కిటికీ పక్కన వేలాడదీయండి, లేదంటే తోలుతోనే ల్యాంపులు చేస్తాండారు, సోఫా మూల ఒకటి పెట్టి రాత్రి లైటు వేస్తే ఆ చిల్లుల్లోంచి చుక్కలు చుక్కలుగా వెలుగు గోడంతా పడుతుంది, ఇంక గోడకు వేరే ఏమీ పెట్టే పనిలేదు. లోపల ఎల్‌ఈడీ బల్బే పెట్టాల, పాత వేడి బల్బు పెడితే తోలు ముడుచుకుంటాది.

శుభం_భూయాత్
ఎవరూ వాస్తు మాట ఎత్తడం లేదు. ముందు ఆ గోడ ఏ దిక్కో కనుక్కోండి. దక్షిణం గోడకి పోయిన పెద్దల ఫోటోలు తప్ప వేరేవి పెట్టకూడదు. యుద్ధం బొమ్మలు, ఏడుస్తున్న పిల్లల బొమ్మలు, మునిగే పడవ ఇంట్లో ఉండకూడదు.

ఉక్కునగరం
చేర్యాల పటంలో యుద్ధాలుంటాయి, తోలుబొమ్మల్లో రావణాసురుడుంటాడు, లెక్కన ఇంక గడియారమే మిగిలింది మేడమ్.

గోదారిగట్టు
శుభం గారూ, తాతముత్తాతల ఫోటోలు దక్షిణం గోడకి పెట్టడం మా ఇంట్లోనూ ఉంది, కాదనను. తక్కినదంతా ఎవరి నమ్మకం వారిది, ఆవిడ అడిగింది అది కాదు కదండీ.

మోడరేటర్
వాస్తు చర్చకి వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ గోడ గురించే మాట్లాడుకుందాం. గడియారం జోకు కూడా ఇక చాలు.

సీతంపేట_మేస్టారు
నమస్కారమండీ. నేను శ్రీకాకుళం వైపు ఏజెన్సీలో టీచరుగా పన్చేసాను. మా దగ్గర సవర గిరిజనుల ఇళ్ళల్లో ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లటి బొమ్మలేస్తారు, మనుషులు, ఏనుగులు, చెట్లు, చుట్టూ చట్రంలాగ అంచు, లోపలంతా జనమే, ఒక్క చోట కూడా ఖాళీ ఉండీదికాదు. ఇప్పుడు వాటిని గుడ్డ మీదా కాగితం మీదా కూడా వేసి అమ్ముతున్నారు, సవర కుర్రోళ్ళకి అదో ఆదాయం, కొనుక్కోండి, మంచిదే. కానీ ఒక్కటి గుర్తెట్టుకోండి, ఆళ్ళకి అది అలంకారం కాదు. ఇంట్లో ఎవరికన్నా జబ్బు చేసినా, పంట చేతికొచ్చినా, పెద్దలకీ దేవుళ్ళకీ మొక్కుకుని పూజారి చెప్పినట్టు వేసీది. ఎక్కడో నెట్లోంచి బొమ్మ దింపి ఫ్లెక్సీ కొట్టించి బార్లో అంటించిన ఫోటో చూసాను నేను, మనసుకి కష్టంగా అనిపించింది. అంచులో ముగ్గు గీతలు, తెలుపూ ఎరుపూ కలయికా తీస్కోండి, ఎవరికీ అభ్యంతరం లేదు. బొమ్మే కావాలంటే వేసినోళ్ళ చేతి నుంచి కొనండి, ఏ సందర్భానికి వేస్తారో అడిగి మరీ.

ఓరుగల్లు_పోరడు
సార్ మంచి మాట చెప్పిన్రు. మా పటాలకు గూడ గిదే గతి వట్టింది, మొన్న ఓ హోటల్ల జూస్తే చేర్యాల బొమ్మ టేబుల్ మీద పేపర్ మ్యాట్, దాని మీద సాంబారు.

మియాపూర్_అమ్మాయి
మేస్టారూ మీరు చెప్పింది ఆలోచించాల్సిందే. మా అత్తగారిది జనగామ వైపు, వాళ్ళ పాతింట్లో గడపలకీ గోడ అడుగుకీ జాజు, అంటే ఎర్రమట్టి రంగు, పూసి పైన సున్నంతో ముగ్గు వేసేవాళ్ళు, మీ పోస్టు చదువుతుంటే అదే మెదిలింది. అందుకని ఇలా అనుకుంటున్నా: గోడ కింద మూడడుగులు జాజు రంగు, పైన సున్నపు తెలుపు, రెండూ కలిసేచోట సన్నటి ముగ్గు పట్టీ. సోఫా వెనక్కి జాజు వస్తుంది, తలలానించిన మరకలు కూడా కనపడవు. పైన తెలుపులో ఒకే ఒక్క చేర్యాల పటం, నిలువుది. ఎలా ఉంటుంది? ఓనర్ ఆంటీ ఒకే గోడ అన్నారు కాబట్టి రెండు రంగులు వేస్తే ఊరుకుంటారో లేదో మరి.

పెయింటుబ్రష్
బాగుంటుంది, చెయ్యండి. కానీ మూడడుగుల దగ్గర ఆపకండి, సోఫా వీపు మూడడుగులు ఉంటే గీత సరిగ్గా దాని వెనకే దాక్కుంటుంది, మీ ముగ్గు ఎవరికీ కనపడదు. నాలుగడుగులకి తీసుకెళ్ళండి. మాస్కింగ్ టేపు అంటించి, తెలుపు పూర్తిగా ఆరాక జాజు వెయ్యాలి, టేపు అంచు మీద ముందు తెలుపే ఓ చెయ్యి పూసి తర్వాత జాజు వేస్తే రంగు టేపు కిందకి పాకకుండా గీత కత్తితో కోసినట్టొస్తుంది. రంగు కొంచెం తడిగా ఉండగానే టేపు లాగెయ్యాలి.

పటం ఎత్తు: మ్యూజియంలలో బొమ్మ మధ్యభాగం నేల నుంచి సుమారు 57 అంగుళాలకి వచ్చేలా పెడతారు, నిలబడ్డ మనిషి కంటి ఎత్తు. మీది సోఫా పైన కాబట్టి ఆ లెక్క కంటే సోఫా వీపుకీ ఫ్రేము అడుగుకీ మధ్య ఆరేడు అంగుళాలు ఖాళీ ఉండేలా చూడండి, మీ విషయంలో ముగ్గు పట్టీ దాటాక మొదలవ్వాలి. మనవాళ్ళు ఫోటోలన్నీ స్లాబుకి తగిలేలా పైన కట్టి మెడలు నొప్పెట్టుకుంటారు, పాత ఇళ్ళలో పిల్లలకందకుండా కట్టిన అలవాటు అది. ముందు పాత పేపరు ఫ్రేము సైజుకి కత్తిరించి అంటించి రెండ్రోజులు చూసుకోండి.

మేకు సంగతి ఆంటీతో బేరమాడండి. ఒకే ఒక్క డ్రిల్లు చిల్లు, ఖాళీ చేసేటప్పుడు వాల్‌పుట్టీ పెట్టి పూడ్చి అదే రంగు అద్ది ఇస్తాం అని చెప్పండి, మిగిలిన రంగు చిన్న సీసాలో దాచి ఉంచుకుంటే అప్పుడు పనికొస్తుంది. వద్దన్నది సుత్తితో కొట్టే మేకుల్ని అయ్యుంటది, అవి ప్లాస్టర్ పెచ్చులు లేపుతాయి.

ఉక్కునగరం
జోకులు కాకుండా పనికొచ్చేది ఒకటి చెప్తాను. మాది వైజాగ్, సముద్రం గాలికి ఇంట్లో ఏ ఫ్రేమూ ఆర్నెల్లు సక్రమంగా ఉండదు. చెమ్మ ఉన్న గోడకి కాగితం గానీ బట్ట గానీ ఆనించి పెట్టారంటే వెనక బూజు. ఫ్రేము వెనక నాలుగు మూలలా రబ్బరు బిళ్ళలు అంటించండి, గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుద్ది. అద్దం బొమ్మకి తగలకూడదు, మధ్యలో మౌంటు అట్ట పెట్టమనాలి, లేకపోతే వర్షాకాలం అద్దానికి రంగు అతుక్కుపోద్ది. మాకు ఫ్రేము కట్టినతను అది వెయ్యకుండా డబ్బు మాత్రం తీసుకున్నాడు, విప్పి చూసేదాకా తెలీదు. బాత్రూమ్ అవతల గోడైతే అసలు ఏదీ పెట్టకండి. నేరుగా ఎండ తగిలే చోట కూడా వద్దు, కలంకారీ లాంటి చెట్ల రంగులు మరీ త్వరగా వెలిసిపోతాయి.

పెడనపిల్ల
ఎండ మాట నిజం అన్నయ్యా. మేం కూడా షాపులో అద్దాల బీరువాలో ముందు వరస బట్టలు మారుస్తూ ఉంటాం.

డాలస్_బాబాయ్
ఇంతకీ మా రెండోది, నాలుగేళ్ళది, గోడంతా క్రేయాన్లతో గీసేసింది, దానికేమైనా ఉపాయం ఉందా? తుడిస్తే ఇంకా పులుముకుంటోంది.

సీమబిడ్డ
నాలుగేళ్ళ పిల్లకు గోడ ఇచ్చేయండి బాబాయ్, ఆపలేరు.

పెయింటుబ్రష్
క్రేయాను మైనం కాబట్టి నీళ్ళతో పోదు, హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వెచ్చబెట్టి మెత్తటి గుడ్డకి సబ్బు నీళ్ళు తడిపి అద్దుతూ తియ్యండి, రుద్దకండి. ముందు మూలలో ఓ చోట ట్రై చేసి చూడండి రంగు వస్తుందేమో. ఇకమీదట ఆ గదిలో కింద మూడడుగుల వరకు బ్లాక్‌బోర్డ్ పెయింట్ వేయించండి, సుద్దముక్కలు ఇవ్వండి. వేసిన తర్వాత మూడు రోజులు ఆగి, గోడంతా సుద్దముక్క అడ్డంగా పట్టి ఒకసారి రాసి తుడిచేశాక అప్పుడు వదలండి పిల్లని, లేకపోతే మొదట గీసిన గీతలు అచ్చుపడిపోతాయి. అద్దె అపార్ట్‌మెంట్ అన్నారు కదా, అయితే పెయింటు వద్దు, బ్లాక్‌బోర్డ్ స్టిక్కర్ రోల్ దొరుకుతుంది, పీకేసి వెళ్ళొచ్చు.

డాలస్_బాబాయ్
స్టిక్కర్ రోల్ ఆర్డర్ పెట్టా. సుద్దపొడి ఎవరు తుడుస్తారని ఇంట్లో అప్పుడే అడిగేశారు.